కరెంటు తీగ మీదుగా ఇంటర్నెట్: మూడేళ్లు వాడాక నా మాట

నల్లగొండలో మా ఇల్లు నాన్న కట్టించింది. కింద బండరాయి గోడలు, అడుగున్నర మందం. పైన రెండు గదులు తర్వాత వేసుకున్నవి. ఫైబర్ రూటర్ కింద ముందు గదిలో ఉంటుంది, పై గదికి వైఫై ఒక్క గీతే అందేది. అమ్మాయి ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు వినేది. అది చూడలేకే పవర్‌లైన్ అడాప్టర్ల జత కొన్నాను.

ఒకదాన్ని రూటర్ పక్కన ప్లగ్గులో పెట్టి లాన్ కేబుల్‌తో కలపాలి. రెండోది పై గదిలో ప్లగ్గుకు పెడితే అక్కడ వైఫై ఇస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌లో నడిస్తే, డేటా అదే తీగ మీద 2 మెగాహెర్ట్జ్‌కు పైన నడుస్తుంది. అందుకే ఒకదానికొకటి అడ్డు రావు, గోడ తొలిచే పనీ లేదు.

డబ్బా మీద 600 ఎంబీపీఎస్ అని ఉంది. మొదటిరోజు నాకు వచ్చింది 9 ఎంబీపీఎస్. ఆ 600 తీగ మీద వేసే కాగితం లెక్క, పైగా నేను కొన్నదానికి లాన్ కేబుల్ పెట్టే పోర్టే 100ది. అయినా 9 మరీ తక్కువ. కింది అడాప్టర్‌ను స్పైక్ గార్డు నుంచి తీసి నేరుగా గోడ ప్లగ్గుకు పెడితే 22 అయింది. స్పైక్ గార్డు కరెంటులోని చెత్తను వడకడుతుంది, దానికి మన డేటా కూడా చెత్తే.

అసలు తేడా మా వీధి కరెంటు మేస్త్రీ పట్టాడు. మీటరు పక్కన ఎంసీబీలు (ఫ్యూజుల బదులు పెట్టే స్విచ్‌లు) ఒక్కొక్కటే దించి చూసి, "సార్, కింద ఒక ఫేజు, మీద ఇంకో ఫేజు ఉన్నది, గందుకే" అన్నాడు. మాది మూడు ఫేజుల కనెక్షన్, ఒక ఫేజు నుంచి ఇంకోదానికి డేటా సరిగ్గా దాటదు. పై గది లైన్‌ను రూటరున్న ఫేజుకు మార్చాడు. పదిహేను నిమిషాల పని, వేగం 48కి వచ్చింది. ఆ రోజు నుంచి అమ్మాయి మెట్ల మీద కూర్చోలేదు.

బోరు మోటారు వేస్తే మాత్రం 20కి పడిపోతుంది. అంతకన్నా విచిత్రం, అదే బోర్డులో పెట్టిన ఒక చవక ఫోన్ చార్జర్ మోటారంత నష్టం చేసింది. దాన్ని వేరే గదికి పంపాం.

ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోతే ఇంకో చిక్కు: రూటర్ ఇన్వర్టర్ మీద వెలుగుతున్నా పై ప్లగ్గు చచ్చిపోయేది. ఆ ఒక్క పాయింటును కూడా ఇన్వర్టర్ లైన్‌కు కలిపించాను. ఇన్వర్టర్ మీద 25 దాటదు, క్లాసుకు చాలు.

కొన్నవాళ్లు రెండింటి మీదా పెయిర్ బటన్ తప్పక నొక్కండి. అప్పుడు ఆ జతకు సొంత తాళం పడుతుంది. తీగ గోడ దాటి పక్కింటి దాకా వెళ్లేదే కదా. ఉరుములొస్తే మేం రెండూ పీకేస్తాం.

మిర్యాలగూడలో బావమరిది ఇల్లు కడుతున్నాడు. ఈ అడాప్టర్లే కొంటానంటే వద్దన్నాను. స్లాబు పోసేముందే లాన్ కేబుల్‌కు కరెంటు పైపు పక్కన విడిగా ఇంకో పైపు వేయించుకున్నాడు.