ఆటో స్టార్ట్-స్టాప్ కారు: అలవాటైంది గానీ, బ్యాటరీయే నిండడం లేదు

సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదలగానే తనంతట తాను ఆగిపోయి, మళ్ళీ క్లచ్ తొక్కగానే అందుకునే ఆటో స్టార్ట్-స్టాప్ వ్యవస్థ ఉన్న పెట్రోలు కారును నేను కొన్నేళ్ళుగా హైదరాబాదులో నడుపుతున్నాను. ఇంజను మాటిమాటికీ ఆగి లేవడం వల్ల సెల్ఫ్ మోటారు అరిగిపోతుందనీ, బ్యాటరీ తొందరగా పోతుందనీ చాలామంది అంటారు. ఈ కార్లలో సెల్ఫ్‌ను ఆ పనికి తగ్గట్టే గట్టిగా తయారుచేస్తారు, నా కారులో అది ఇంతవరకు మొరాయించలేదు. బ్యాటరీ విషయంలో మాత్రం ఇబ్బంది నిజమే గానీ, దానికి చెప్పే కారణం సరైనది కాదు.

లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. వేడెక్కి ఉన్న చిన్న ఇంజనును లేపడానికి సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగిందనుకున్నా, ఆ పని ముప్పావు సెకనులో అయిపోతుంది. ఇంజను ఆగి ఉన్న 90 సెకన్లలో హెడ్‌లైట్లు, బ్లోయరు, మ్యూజిక్ సిస్టం, లోపలి కంట్రోల్ యూనిట్లు కలిసి 25 ఆంపియర్లు తీసుకుంటుంటే, బ్యాటరీ నుంచి పోయేది సెల్ఫ్ తిన్నదానికి పదిహేను రెట్లు. అంటే బ్యాటరీని పీల్చేది ఇంజను లేవడం కాదు, ఆగి ఉన్నంతసేపూ మిగతావన్నీ నడుస్తూ ఉండడం.

ఇలా ఖర్చయినదాన్ని తిరిగి నింపవలసిన ఆల్టర్నేటర్, మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అని పిలిచేది, పాత కార్లలో ఇంజను తిరుగుతున్నంతసేపూ 14 వోల్టులకు అటూ ఇటూగా ఇస్తూనే ఉండేది. ఈ కారులో అలా కాదు. సాకెట్‌లో గుచ్చే చిన్న వోల్టుమీటరు పెట్టుకుని గమనిస్తే, ఉదయం స్టార్ట్ చేయగానే 14.4 చూపిస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు 12.8కి దిగిపోతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి బ్రేకు వేసినప్పుడు 14.8 దాకా ఎగబాకుతుంది. మొదటిసారి ఆ 12.8 చూసినవారెవరైనా డైనమో పోయిందనే అనుకుంటారు. నిజానికి పెట్రోలు ఖర్చు చేసి కరెంటు పుట్టించకుండా, బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తితో బ్యాటరీ నింపాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం. అలా వచ్చేదానికి చోటు మిగలాలి కాబట్టి బ్యాటరీని కావాలనే దాదాపు 80 శాతం దగ్గర ఉంచుతారు. 2017 నుంచి మన దేశంలో ఇంధన సామర్థ్య నిబంధనలు అమలులోకి వచ్చాక కంపెనీలకు ఇలాంటి ప్రతి చిన్న పొదుపూ అవసరమైంది. పైగా మైలేజీ పరీక్షలో కారు నిలబడి ఉండే ఘట్టాలు కూడా ఉంటాయి కనుక, ఇంజను ఆగితే అక్కడ కాగితం మీద లాభం బాగానే కనిపిస్తుంది.

కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా వెళ్ళి వచ్చే నా రోజువారీ ప్రయాణంలో ఆ లెక్క తలకిందులవుతుంది. ఆగడాలు ఎక్కువ, వేగం అందుకుని బ్రేకు వేయడాలు తక్కువ, దూరం చిన్నది. ఎప్పుడూ సగం, ముప్పావు నిండి ఉండే లెడ్ బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తిగా కరగదు. మే నెలలో బానెట్ కింద ఉండే వేడి ఆ పనిని ఇంకా త్వరపెడుతుంది.

దీనికి తొలి సూచన కారు స్టార్ట్ కాకపోవడం కాదు, సిగ్నల్ దగ్గర ఇంజను ఆగకపోవడం. నెగటివ్ టెర్మినల్ మీద ఉండే సెన్సరు కరెంటునూ, వోల్టేజినీ, ఉష్ణోగ్రతనూ చూసి, బ్యాటరీ బలహీనంగా ఉంటే ఆటో స్టాప్‌ను నిలిపివేస్తుంది. సర్వీస్ సెంటర్‌లో ఈ మాట ఎత్తితే "ఏసీ వేస్తే ఆగదు సార్, అది నార్మలే" అన్నారు. ఏసీ భారం ఎక్కువైనా, ఇంజను వేడెక్కకపోయినా ఆగదన్నది నిజమే. అయితే డిసెంబరు ఉదయం ఏసీ కట్టేసి, అరగంట నడిపాక కూడా ఆగకపోతే దాన్ని నార్మల్ అనడానికి వీల్లేదు. రాత్రంతా నిలబెట్టిన కారుకు మల్టీమీటరు పెడితే 12.2 వచ్చింది, అంటే సుమారు సగమే ఛార్జ్ ఉన్నట్టు. పూర్తిగా నిండిన బ్యాటరీకి 12.7 దాకా ఉండాలి.

ఇంట్లో స్మార్ట్ ఛార్జరుతో ఒక రాత్రి పూర్తిగా నింపాక ఆటో స్టాప్ తిరిగి పనిచేసింది. అప్పటి నుంచి నెలకోసారి అదే చేస్తున్నాను. ఇందులో ఒక మెలకువ ఉంది. ఛార్జరు నల్ల క్లిప్పును బ్యాటరీ నెగటివ్ బొడిపెకు కాకుండా కారు బాడీకి బిగించిన ఇనుప బోల్టుకు తగిలించాలి, లేకపోతే లోపలికి వెళ్ళిన కరెంటు సెన్సరు లెక్కలోకి రాదు. వేరే బ్యాటరీకి తీగలు కలిపి జంప్ స్టార్ట్ చేసేటప్పుడు కూడా ఇదే పద్ధతి.

ఆ బ్యాటరీ చివరికి మార్చవలసి వచ్చినప్పుడు దుకాణంలో మామూలు బ్యాటరీ ఒకటి చూపించి "సైజు అదే సార్, రేటు తక్కువ" అన్నారు. సైజు నిజంగానే సరిపోతుంది. కానీ ఇలా తరచూ ఖాళీ అయి నిండడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ (ఎన్‌హాన్స్‌డ్ ఫ్లడెడ్ బ్యాటరీ) రకమే ఈ కార్లకు కావాలి. జపాను పద్ధతి కొలతల్లో ఎన్-55, క్యూ-85 వంటి గుర్తులు వీటి మీద ఉంటాయి. ధర బాగా ఎక్కువే, పెట్రోలు మీద ఆదా అయిన డబ్బులో చెప్పుకోదగ్గ భాగం అక్కడికే పోతుంది.

ఎండాకాలంలో నేను ఈ వ్యవస్థను ఆపేస్తాను, ఎందుకంటే ఇంజనుతోపాటు ఏసీ కంప్రెసరు కూడా ఆగి, నిమిషంలో ఉక్కపోత మొదలవుతుంది. దాన్ని ఆపే బటన్‌ను కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్ళీ నొక్కాలి, గుర్తు పెట్టుకోదు. నొక్కినా ఇంజను ఆగకుండా ఉంటుందే తప్ప ఛార్జింగ్ తీరు మారదు. నా కారులో దాన్ని మార్చేది ఒక్క హెడ్‌లైట్లే. అవి వేస్తే వోల్టేజి 13.5 కంటే కిందికి రావడం లేదు. అందుకని దూర ప్రయాణాల్లో పగలు కూడా వేసుకునే వెళ్తున్నాను, ఎదురొచ్చే బైకుల వాళ్ళు లైటు ఆర్పమని వేళ్ళు తెరిచి మూస్తూ సైగలు చేస్తూనే ఉంటారు.