మొదటి బురద అల్ట్రా: ట్రాక్, బస, ఒళ్ళు కోలుకున్న తీరు

50 కిలోమీటర్ల ట్రయల్ అల్ట్రా, అంటే కొండ, అడవి దారుల్లో సాగే సుదూర పరుగు, మొదటిసారి పరిగెత్తి వచ్చాను. అదీ వానలు దంచికొట్టిన వారం చివర్లో, ట్రాక్‌లో సగానికి పైగా బురద. పరుగు ఎలా సాగిందో చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, బస ఎక్కడ పెట్టుకోవాలి, దారిలో తిండీ నీళ్ళూ ఇచ్చే ఎయిడ్ స్టేషన్‌లో ఏముంటే పని జరుగుతుంది, ఫినిష్ దాటిన మొదటి గంటలో చేతికి ఏం అందాలి అన్నవి చెప్పేవాళ్ళు తక్కువ. ఒళ్ళు త్వరగా తేరుకుంటుందా, వారాల తరబడి ఈడుస్తుందా అన్నది చాలావరకు వీటి మీదే ఆధారపడుతుందని నా నమ్మకం, అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు రేసు ఎంపిక. మారథాన్ 42.195 కిలోమీటర్లు, అది దాటితే ఏదైనా అల్ట్రానే, కాబట్టి 50 అంటే ఇంకో ఎనిమిది కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. రోడ్డు మీది మీ టైమ్ పట్టుకుని ఇక్కడ లెక్క వేయకండి. ట్రయల్ రన్నింగ్ అంతర్జాతీయ సంఘం ఐటీఆర్‌ఏ వాడే లెక్క ఒకటుంది: ఎక్కే ప్రతి 100 మీటర్ల ఎత్తుకీ ఒక కిలోమీటరు కలుపుకోవాలి. 50 కిలోమీటర్లలో మొత్తం 2,000 మీటర్లు ఎక్కాల్సి ఉంటే ఒంటికి అది 70 కిలోమీటర్ల కిందే లెక్క. ఇందులో బురద ఇంకా కలవలేదు. ఇసుక మీద పరుగుకు గట్టి నేలకంటే దాదాపు 1.6 రెట్లు శక్తి పడుతుందని 1998లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది, జిగట బురదలో నా కాళ్ళు చెప్పిన లెక్క కూడా దానికి దగ్గర్లోనే ఉంది. అందుకని రేసు ఫోటోలు పక్కన పెట్టి కటాఫ్ టైములు, అంటే ఎంతలోపు చేరకపోతే రేసు నుంచి తప్పిస్తారో ఆ గడువులు చూడండి. మొత్తం ఎన్ని గంటలు ఇచ్చారన్నదే కాకుండా మధ్యలో ఏ స్టేషన్‌కి ఎంత ఇచ్చారో కూడా చూడాలి. మొదటి సగానికి బిగించి, రెండో సగానికి వదులుగా ఇచ్చిన చోట కొత్తవాళ్ళు పొద్దున్నే కాళ్ళు ఖర్చు పెట్టేసుకుంటారు.

నేను ఎంచుకున్నది 25 కిలోమీటర్ల చుట్టు రెండుసార్లు తిరిగే ట్రాక్. దీనిలో లాభం ఏమిటంటే సగం దూరంలో మళ్ళీ స్టార్ట్ దగ్గరికే వస్తాం, మన బ్యాగు అక్కడే ఉంటుంది, ఆగిపోవాలన్నా అడవి మధ్యలో చిక్కుకోం. నష్టం రెండో చుట్టులో తెలిసింది. పొద్దున పాదం మునిగేంత ఉన్న బురద, వందల మంది తొక్కేసరికి పిక్కల దాకా వచ్చింది. ఒకే దారిలో ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళే రేసులో ఈ బాధ ఉండదు. అయినా మొదటి అల్ట్రాకి చుట్టు ట్రాకే మేలంటాను, మనసుకి అదిచ్చే ధైర్యం చిన్నది కాదు.

బస విషయానికొస్తే మూడు దారులు కనిపించాయి. స్టార్ట్ పక్కనే మైదానంలో సొంత టెంట్, నడిచి వెళ్ళే దూరంలో ఒక చిన్న లాడ్జి, బాగా దూరంగా టౌన్‌లో మంచి హోటల్. టెంట్ వేసుకున్నవాళ్ళకి ముందు రాత్రి వానకి నిద్ర లేదు, రేసయ్యాక బురద కాళ్ళతో పొడి చోటు లేదు. హోటల్‌లో దిగినవాళ్ళు షటిల్ బస్సు మీద ఆధారపడ్డారు, అది పొద్దున ఆలస్యంగా వచ్చింది, కొందరు బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే రేసు నంబరు) పెట్టుకుంటూనే స్టార్ట్ లైన్‌కి పరిగెత్తారు. అంతకంటే అన్యాయం సాయంత్రం జరిగింది. చివర్లో ఫినిష్ చేసినవాళ్ళకి తిరుగు బస్సు లేదు. పన్నెండు గంటలు కటాఫ్ ఇచ్చి, పదకొండో గంటకే బస్సులు ఆపేస్తే అత్యవసరంగా బస్సు కావలసినవాళ్ళకే అది అందకుండా పోయినట్టు కదా. నిర్వాహకులు ఈ ఒక్కటీ సరిచేసుకుని తీరాలి. రిజిస్టర్ చేసుకునే ముందే చివరి బస్సు ఎన్నింటికో అడగండి, జవాబు తేలిగ్గా వదిలేస్తే సొంత ఏర్పాటు చూసుకోండి.

లాడ్జి గది మామూలుదే. కానీ నాకు కావలసినవన్నీ ఉన్నాయి: గ్రౌండ్ ఫ్లోర్, బయట పైపుతో కాళ్ళు కడుక్కునే చోటు, ఎప్పుడు తిప్పినా వేడినీళ్ళు, మర్నాడు ఆలస్యంగా ఖాళీ చేసే వీలు. గది బుక్ చేసేటప్పుడు నేను గట్టిగా పట్టుబట్టింది గ్రౌండ్ ఫ్లోర్ గురించే. రేసయిన మర్నాడు మెట్లు ఎక్కడం ఎలాగోలా అవుతుంది, దిగడమే నరకం. బాత్రూమ్‌లో ప్లాస్టిక్ స్టూల్ ఒకటి పెట్టమని ముందు రోజే అడిగి పెట్టించుకున్నాను, నిలబడి స్నానం చేసే ఓపిక ఉండదని తెలుసు కనుక. ఇంత చిన్న విషయానికి ఇంత రాస్తున్నానేమిటి అనుకోవద్దు, ఆ సాయంత్రం ఆ స్టూల్ కంటే నాకు విలువైన వస్తువు ఇంకోటి లేదు.

బిబ్ ఇచ్చే చోట సామాన్ల తనిఖీ పద్ధతిగా చేశారు. విజిల్, అల్యూమినియం రేకులా మెరిసే ఎమర్జెన్సీ దుప్పటి, హెడ్ ల్యాంప్, వాన జాకెట్, చార్జింగ్ ఉన్న ఫోన్, ఒక్కొక్కటీ బయటికి తీయించి చూశారు. లైన్ పొడుగైందని కొందరు విసుక్కున్నారు గానీ నాకైతే అది చూశాకే ఈ రేసు మీద నమ్మకం కుదిరింది. బురదలో కాలు మడతపడి ఎవరైనా ఆగిపోతే పది నిమిషాల్లో ఒళ్ళు చల్లబడి వణుకు మొదలవుతుంది, అప్పుడు ఆ దుప్పటే కాపాడుతుంది.

ఇక బురద. అన్ని బురదలూ ఒకటి కావు. ఎర్రమట్టి ఏటవాలు నూనె పూసినట్టు జారుతుంది, అక్కడ మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు వెడల్పు చేసి, చిన్న చిన్న అడుగులే. నల్లటి జిగట బురద జారదు, పట్టుకుంటుంది, ప్రతి అడుగుకీ షూ బరువెక్కుతుంది, లేసులు రెండు ముళ్ళు వేయకపోతే షూ అక్కడే ఉండిపోయి కాలు ఒక్కటే బయటికి వస్తుంది. నీళ్ళు నిలిచిన గుంట కనిపిస్తే పక్కనుంచి గడ్డి మీదుగా వెళ్ళాలనిపిస్తుంది, వెళ్ళకండి. మధ్యలోంచే నడవండి. చాలాచోట్ల నీళ్ళ కింద అడుగు గట్టిగానే ఉంటుంది, అంచులే మెత్తబడి జారతాయి. పైగా అందరూ పక్కకి తొక్కుకుంటూ పోతే ఆ దారి ఏడాదికేడాది వెడల్పవుతూ చుట్టూ మొక్కలన్నీ పోతాయి. షూ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: మామూలు ట్రయల్ షూకి అడుగున పళ్ళు 4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి, బురదకి 6 నుంచి 8 ఉన్నవి కావాలి, పళ్ళ మధ్య దూరం కూడా ఎక్కువ ఉండాలి, లేకపోతే మధ్యలో మట్టి కూరుకుని అడుగు నున్నగా అయిపోతుంది.

ఎయిడ్ స్టేషన్లకు మంచి మార్కులే వేస్తాను. ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంపలు, అరటిపండ్లు, నారింజ ముక్కలు, వేడి సూప్, కోలా. పరుగులో శక్తి కోసం మింగే తీపి జెల్స్ ఇక మింగలేని స్థితి వచ్చాక ఆ ఉప్పు బంగాళాదుంపే లోపలికి వెళ్ళింది. గంటకి 60 గ్రాముల పిండి పదార్థం అని లెక్క పెట్టుకుని బయల్దేరాను, సగం దాటాక నోరు ఏదీ ఒప్పుకోదు, అందుకని తీపి ఒక్కటే పెట్టుకోకుండా కారం, ఉప్పు కూడా ఉండేట్టు చూసుకోండి. వాలంటీర్లు బాటిల్ మూత బురద పట్టి తిరగకపోతే తుడిచి, తీసి, నింపి ఇచ్చారు. నీళ్ళు తాగండి తాగండి అని వెంటపడలేదు, అది నాకు బాగా నచ్చింది. దాహం లేకపోయినా నీళ్ళు పట్టిస్తే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో ఫినిష్ చేసినవాళ్ళ రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తగ్గి ఉందని తేలింది, అది రోడ్డు మీద, కొన్ని గంటల పరుగు. రోజంతా సాగే అల్ట్రాలో దాహాన్ని బట్టి తాగడమే మంచిది.

25వ కిలోమీటరు దగ్గర డ్రాప్ బ్యాగ్, అంటే ముందే అక్కడ పెట్టిన నా బ్యాగు తెరిచాను. సాక్స్ తీయడానికే చాలాసేపు పట్టింది, తడిసి చర్మానికి అంటుకుపోయింది, మెల్లగా మడమ మీంచి చుట్టుకుంటూ లాగితే పాదం తెల్లగా, ముడతలు పడి, వేళ్ళ సందుల్లో సన్నటి ఇసుక గీరుకున్న ఎర్రటి గీతలతో బయటపడింది. ఆ ఇసుకే బొబ్బలకు మూలం. ఒక బాటిల్ మంచినీళ్ళు పాదాల మీద పోసి, ఒత్తి తుడిచి, వాజలీన్ మందంగా పట్టించి పొడి సాక్స్ వేసుకున్నాను. ఎలాగూ మళ్ళీ బురదే కదా, ఎందుకు మార్చడం అని పక్కనున్న ఒకాయన అన్నారు. నా మాట వినండి, మార్చండి. కాస్సేపట్లోనే తడుస్తాయి నిజమే, కానీ ఇసుక పోతుంది, చర్మం మీద జిడ్డు పొర ఉంటుంది. చివర్లో నాకు మిగిలింది రెండు చిన్న బొబ్బలే.

ఫినిష్ దగ్గర వేడి సూప్, దుప్పట్లు, కూర్చోవడానికి కుర్చీలు ఉన్నాయి, డాక్టర్ ఉన్న టెంట్ ఉంది. లేనిది పొడిగా బట్టలు మార్చుకునే చోటు. తడి బట్టలతో కదలకుండా కూర్చుంటే వణుకు చాలా త్వరగా వస్తుంది, పెద్ద టార్పాలిన్ ఒకటి అడ్డం కట్టినా సరిపోయేది. మసాజ్ టెంట్ ముందు పెద్ద లైన్, నేను నిలబడలేదు. అప్పుడే దెబ్బతిన్న కండరాన్ని గట్టిగా పిసికించుకోవడం నాకు సరైన పని అనిపించదు, మెల్లగా నడిచి గదికి వెళ్ళడమే మేలు.

ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు, అది చెప్పి ఉంచుతున్నాను. పడుకున్నా కాళ్ళు అవే పరిగెడుతున్నట్టు ఉంటాయి, తొడలు లోపల కొట్టుకుంటాయి. ఆకలి వెంటనే రాదు, అర్ధరాత్రి ఒక్కసారిగా వస్తుంది, గదిలో తినడానికి ఏదో ఒకటి పెట్టుకోండి. నొప్పి మర్నాటి కంటే ఆ తర్వాతి రోజు ఎక్కువ. దిగుడులో తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి, అలాంటి పనికే కండరాల్లో సూక్ష్మమైన చీలికలు ఎక్కువ పడతాయి, ఆ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. కాబట్టి తిరుగు ప్రయాణం డ్రైవింగ్ మీదే పెట్టుకోకండి, బ్రేక్ తొక్కాలన్నా తొడ సహకరించదు.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మూత్రం కోలా రంగులో వచ్చినా, బాగా తగ్గిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కండరం బాగా దెబ్బతిన్నప్పుడు దానిలోని ప్రొటీన్ రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు రేసులోగానీ, ఆ రాత్రిగానీ నేను ముట్టలేదు. అల్ట్రా రన్నర్ల మీద చేసి 2017లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఇబుప్రోఫెన్ వేసుకున్నవాళ్ళలో కిడ్నీ దెబ్బ ఎక్కువ కనిపించింది. ఒళ్ళంతా కూడబలుక్కుని నొప్పెడుతున్నా సరే, నీళ్ళు, తిండి, నిద్ర, చిన్న నడక, అంతే.

బురదకి ఇంకో కోణం ఉంది. 2000లో బోర్నియోలోని సబాలో జరిగిన ఎకో ఛాలెంజ్ సాహస రేసు తర్వాత పోటీదారుల్లో చాలామందికి లెప్టోస్పైరోసిస్ వచ్చింది, అక్కడి సెగామా నదిలో ఈదడమే కారణమని తేలింది. జంతువుల మూత్రం కలిసిన నీళ్ళూ బురదా గాయాల్లోంచి, కళ్ళూ నోటి తడి పొరల్లోంచి లోపలికి వెళ్తే వచ్చే జబ్బు అది, లక్షణాలు బయటపడడానికి 2 నుంచి 30 రోజులు పట్టొచ్చు. గీరుకున్న ప్రతి చోటా సబ్బుతో కడగండి, టెటనస్ టీకా సంగతి ముందే చూసుకోండి. తర్వాతి వారాల్లో జ్వరం వస్తే బురదలో పరిగెత్తిన సంగతి డాక్టర్‌కి చెప్పి తీరాలి, మనం చెప్పకపోతే వాళ్ళకి తట్టదు.

షూ ఎండబెట్టడం కూడా కోలుకోవడంలో భాగమే. ముందు మట్టి పూర్తిగా కడగాలి, ఇన్‌సోల్ బయటికి తీయాలి, లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టాలి, హీటర్ ముందు పెడితే గమ్ వదిలేస్తుంది. ఒక అడవి మట్టిని ఇంకో అడవికి మోసుకెళ్ళకుండా ఉండడానికి కూడా ఈ కడగడం అవసరం. న్యూజిలాండ్‌లో కౌరీ చెట్లను చంపే తెగులు మట్టి ద్వారానే పాకుతుందని, అక్కడ దారుల మొదట్లో షూ కడిగే స్టేషన్లు పెట్టారు. మన రేసులకు కూడా స్టార్ట్ దగ్గర ఒక బ్రష్షూ, పైపూ పెట్టడం పెద్ద ఖర్చేం కాదు.

పరుగు మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలని అడుగుతారు. నేను పెట్టుకున్న పరీక్ష మెట్లే. రెయిలింగ్ పట్టుకోకుండా, పక్కకి తిరగకుండా దిగగలిగేదాకా నడకే చేశాను. నొప్పి పోయాక కూడా లోపల అలసట ఇంకా చాలాకాలం ఉంటుంది, విశ్రాంతిగా కూర్చున్నప్పుడు గుండె మామూలు కంటే వేగంగా కొట్టుకుంటుంటే ఆ రోజు పరుగు మానేసేదాన్ని. బొబ్బలు మానాకే ఈత. మొదటి పరుగు చదునైన దారి మీద, వాచ్ లేకుండా, మాట్లాడుకుంటూ పోగలిగే వేగంలో. అదే రేసుకి మళ్ళీ వెళ్తాను, అదే లాడ్జిలో అదే గది అడుగుతాను, షటిల్ మీద మాత్రం ఆధారపడను.