చిత్తూరు నాలుకకు బెంగళూరు ట్యాప్ బీరు: టాయిట్‌లో ఏం తాగాలి, దాంతో ఏం తినాలి

చిత్తూరు నుంచి బెంగళూరు 180 కిలోమీటర్ల లోపే. పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటిన బస్సు ఊళ్ళోకి కె.ఆర్. పురం మీదుగానే వస్తుంది. బ్రూపబ్ (బీరు అక్కడే కాచి పోసే పబ్బు) కోసమే వెళ్ళేవాళ్ళు ఊరి నడిమి మెజెస్టిక్ బస్టాండు దాకా కూర్చోనక్కర్లేదు. కె.ఆర్. పురంలో దిగి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే ఇందిరానగర్ కొన్ని స్టేషన్ల దూరమే. తిరుపతి నుంచి రైల్లో వచ్చినా కె.ఆర్. పురం స్టేషన్ పక్కనే మెట్రో ఉంది. టాయిట్ ఉండేది ఇందిరానగర్ హండ్రెడ్ ఫీట్ రోడ్డులో, మెట్రో దిగి నడిచిపోయే దూరంలో. 2010లో మొదలైంది. బెంగళూరుకు సొంతంగా బీరు కాచుకునే పబ్బులు అలవాటు చేసిన తొలి చోట్లలో ఇదొకటి. కారు తీసుకుపోవద్దు. ఎందుకో చివర్లో లెక్కతో సహా ఉంది.

మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళు మొదటి గ్లాసుకే అనే మాట: "ఇది ఎక్కదే!" లెక్క చూస్తే ఆ మాట సగమే నిజం. మన వైన్ షాపుల్లో దొరికే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా, ఆల్కహాలు 8 శాతం దాకా. అంటే ఒక్క సీసాలో దాదాపు 41 గ్రాముల ఆల్కహాలు. బ్రూపబ్‌లో మామూలు బీరు 5 శాతం చుట్టూ ఉంటుంది, 330 మిల్లీలీటర్ల గ్లాసులో 13 గ్రాములు. మూడు గ్లాసులు తాగితే స్ట్రాంగ్ సీసాకు దాదాపు సమానం. డబ్బు మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి కిక్కు కోసమైతే అంత దూరం పోవడం దండగ. రుచి కోసమైతేనే వెళ్ళండి.

కూర్చోగానే పెద్ద గ్లాసు చెప్పకండి. శాంప్లర్ అడగండి. చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు కలిపి ఇస్తారు, బ్రూపబ్‌లన్నింటిలోనూ ఉండేదే. వరస ముఖ్యం: పలచనిది ముందు, చేదుది తర్వాత, నల్లనిది ఆఖరున. ముందే ఐపీఏ అనే బాగా చేదు రకం తాగితే, అందులో వేసే హాప్స్ పూల చేదు నాలుకను పట్టేస్తుంది, ఆ తర్వాత తేలిక బీరు నీళ్ళలా అనిపిస్తుంది. దాన్ని చప్పగా ఉందని తిట్టి పంపేవాళ్ళు చాలామంది. తప్పు బీరుది కాదు, వరసది.

టాయిట్ మెనూలో బాస్మతి బ్లాండ్‌తో మొదలుపెట్టడం మేలు. మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పాటు బియ్యం పడింది కాబట్టి బీరు తేలిక, చేదు తక్కువ. బియ్యంలోని పిండిపదార్థం దాదాపు పూర్తిగా పులిసిపోయి తీపి మిగలదు, గొంతు దిగేటప్పుడు పొడిగా ముగుస్తుంది. బాస్మతి వాసన గుప్పుమంటుందని ఆశిస్తే నిరాశే. కాచడంలో, పులియడంలో అంత సున్నితమైన వాసన నిలవదు. తర్వాత టాయిట్ వైస్. ఇది జర్మన్ పద్ధతి గోధుమ బీరు. మసకగా ఉంటుంది, అది చెడిపోయిన గుర్తు కాదు, పులియబెట్టే ఈస్టూ గోధుమ ప్రొటీన్లూ కలిసి తేలడం. ముక్కు దగ్గర పెడితే అరటిపండు, లవంగం. రెండూ వేసినవి కావు, ఆ రకం ఈస్టు తనంతట తాను పుట్టించే వాసనలు. టిన్‌టిన్ టాయిట్ బెల్జియం పద్ధతి. ఇందులో మాత్రం ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. మన రసంపొడిలో ధనియాలు పలికేలా పలుకుతాయని కాదు, నిమ్మవాసన వైపు తిరుగుతాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఈ మూడింటిలో మా ఓటు వైస్‌కే. కారణం తిండి.

చిత్తూరోళ్ళం కారం తగ్గించి తినలేం. పబ్బులో కూడా చేయి ముందు చిల్లీ చికెన్ మీదికో, ఘీ రోస్ట్ మీదికో పోతుంది. దాంతో ఐపీఏ పెట్టుకుంటే నోరు మండిపోతుంది. మిరప మంటను హాప్స్ చేదు ఇంకా ఎగదోస్తుంది, ఆల్కహాలు శాతం పెరిగే కొద్దీ మంటా పెరుగుతుంది, పైన గ్యాసు బుడగలు నాలుకను విడిగా చురుక్కుమనిపిస్తాయి. ఐపీఏలో చేదు, శాతం రెండూ ఎక్కువే. గోధుమ బీరులో చేదు చాలా తక్కువ, కాస్త మాల్ట్ తీపి, నోటికి మెత్తదనం ఉంటాయి. కారానికి అదే జోడీ. ఐపీఏ తాగాలనుంటే ఉప్పు, కొవ్వు ఎక్కువుండి కారం లేనివి చెప్పండి: వేయించిన చేప, చీజ్ పిజ్జా, ఫ్రైస్. ఆ కొవ్వును చేదు కోసేస్తుంది, ముద్ద ముద్దకూ నోరు శుభ్రమవుతుంది. నల్ల స్టౌట్‌కు కాల్చిన మాంసం. మాడిన బార్లీకీ గ్రిల్ మీద పట్టిన నల్లదనానికీ బాగా కుదురుతుంది.

ఎండాకాలంలో చాలా బ్రూపబ్‌లు మామిడి బీరు పెడతాయి. తోతాపురి తోటలున్న జిల్లావాళ్ళం కాబట్టి దాన్ని మనమే సరిగ్గా తూచగలం. గుజ్జు పులిసే దశలో వేస్తే అందులోని చక్కెరంతా ఈస్టు తినేస్తుంది. మిగిలేది పుల్లదనం, తొక్క దగ్గరి వగరు, సన్నని వాసన. నిజమైన మామిడి బీరు తియ్యగా ఉండదు. ఫ్రూటీలా తియ్యగా ఉందంటే, పులియడం అయ్యాక రసమో సిరప్పో కలిపినట్టు. తాగడానికి బాగానే ఉండొచ్చు, కానీ దానికి శ్రద్ధగా కాచిన క్రాఫ్ట్ బీరు ధర పెట్టడం మాకు ఒప్పుదల కాదు. పుల్లగా, పొడిగా ఉన్నదైతే ఉప్పూ కారం చల్లిన పల్లీలతో అదిరిపోతుంది.

ఇక ఏ పబ్బులోనైనా పనికొచ్చే పరీక్షలు. మొదటిది గ్లాసు. లోపలి గోడకు బుడగలు గుంపుగా అతుక్కుని ఉంటే జిడ్డో సబ్బో మిగిలినట్టే, నురగ కూడా గబుక్కున పడిపోతుంది. శుభ్రమైన గ్లాసులో ఒక్కో గుక్కకూ నురగ గోడ మీద వలలా గీతలు వదులుతుంది. రెండువేళ్ళ మందం నురగ ఉండాల్సిందే, కొలతలో మోసం అని గొడవ పడొద్దు. నాలుగువేళ్ళుంటే అప్పుడు అడగండి. మంచుపట్టిన గ్లాసు తెస్తే వద్దని మామూలు గ్లాసు తెప్పించుకోండి. ఆ మంచు నురగను రేపుతుంది, కరిగి బీరును పలచన చేస్తుంది, మరీ చల్లదనానికి నాలుక మొద్దుబారి తప్పులు కూడా తెలియవు. చల్లగా పులియబెట్టే లాగర్ రకానికి 4 నుంచి 7 డిగ్రీలు, స్టౌట్‌కు 8 నుంచి 12 డిగ్రీలు చాలు.

రెండోది వాసన. వెన్న రాసిన పాప్‌కార్న్ వాసనొస్తే అది డయాసిటైల్ అనే పదార్థం. ఈస్టు తన పని ముగించక ముందే బీరును చల్లబరిచారు, లేదా ట్యాప్ గొట్టాల్లో బ్యాక్టీరియా చేరింది. పచ్చి ఆపిల్ వాసనొస్తే ఇంకా ముదరని బీరు, శనివారం గిరాకీకి తొందరపడి ట్యాంకు తిప్పేసినప్పుడు తగులుతుంది. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే గాలి తగిలి పాతబడింది. పుల్లని రకం కాని బీరు పుల్లగా ఉంటే గొట్టాలు కడిగి చాలా రోజులైనట్టు. రెండు వారాలకోసారి కాస్టిక్ ద్రావణంతో కడగాలన్నది రంగంలో అందరూ ఒప్పుకున్న పద్ధతి. ఈ వాసనల్లో ఏదొచ్చినా మర్యాదగా చెప్పి మార్పించుకోవచ్చు. పేరున్న చోట వాదించరు.

మూడోది ట్యాప్ పట్టిక. అందులో నిజమైన లాగర్ ఉందా చూడండి. ఏల్ రకాలు (గోధుమ బీరు, ఐపీఏ, స్టౌట్ ఈ కోవే) 20 డిగ్రీల చుట్టూ వారంలోపే పులిసిపోతాయి, రెండు మూడు వారాల్లో గ్లాసులోకొస్తాయి. లాగర్ చల్లగా పులిసి, సున్నా దగ్గర మరికొన్ని వారాలు పడుకోవాలి. అన్నాళ్ళు ఒక ట్యాంకు ఆగిపోవడం చిన్న పబ్బుకు నష్టమే. పైగా లాగర్‌లో తప్పు దాచడానికి హాప్స్ గుప్పుమనవు, పండు వాసన ఉండదు. అయినా పెట్టి, అది శుభ్రంగా ఉందంటే కాచేవాడికి పని తెలుసు.

తిండి దగ్గర ముందు ఒక ప్లేటు ఫ్రైస్ చెప్పండి, నూనె సంగతి తెలిసిపోతుంది. ముదురు రంగుతో, జిడ్డుగా మెత్తబడి ఉంటే నూనె అరిగిపోయింది. ఇక వింగ్స్, చేప వేపుళ్ళ జోలికి పోకుండా పొయ్యి మీదివో గ్రిల్ మీదివో చూసుకోవాలి. కట్టెల పొయ్యి పిజ్జా అయితే తెచ్చిన ఐదు నిమిషాల్లో తినేయాలి. పలచటి రొట్టె, చల్లారితే తోలే. మన ఊరి నుంచి వెళ్ళినవాళ్ళకు పబ్బు బిర్యానీ మీద మోజు పుడుతుంది గానీ, దానికి అంత దూరం పోవాల్సిన పనిలేదు. ఖాళీ కడుపుతో మాత్రం మొదలుపెట్టవద్దు. కోలారు దగ్గర ఆగి ఇడ్లీ తిన్నా చాలు.

శుక్ర, శనివారాల రాత్రి టాయిట్ ముందు నిలబడాల్సి వస్తుంది. వారం మధ్యలో, మధ్యాహ్నం పూట సీటు సులువు, బీరు గురించి చెప్పేవాళ్ళకూ ఓపిక ఉంటుంది. మొదటి గ్లాసు రాత్రంతా గొట్టంలో నిలిచిన బీరు కాకుండా, తలుపు తీసిన గంట తర్వాత వెళ్ళడం తెలివి. వయసు తెలిపే కార్డు జేబులో ఉండాలి.

బిల్లు ఒకసారి చదవండి. తాగే ఆల్కహాలు జీఎస్టీ పరిధిలో లేదు, దాని మీద రాష్ట్ర పన్నులే. జీఎస్టీ తిండికి, కూల్‌డ్రింకులకు మాత్రమే పడాలి. సర్వీస్ ఛార్జి తప్పనిసరిగా వేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే మార్గదర్శకాలిచ్చింది, తీసేయమంటే తీసేయాలి. వడ్డించినవాళ్ళకు ఇవ్వాలనిపిస్తే చేతికే ఇవ్వండి.

కారు లెక్క ఇదీ: రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. సన్నటి మనిషికి 330 మిల్లీలీటర్ల గ్లాసు ఒక్కటి గబగబా పడినా ఆ గీత దాటేయొచ్చు, రెండైతే దాటినట్టే. మొదటిసారి దొరికితేనే పదివేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. అందుకని తిరుగు బస్సుకు ముందే టికెట్టు తీసుకుని, ఎక్కేది కె.ఆర్. పురంలో అని చెప్పి పెట్టుకోండి. మెట్రోను రాత్రి 11 దాటాక నమ్ముకోవద్దు. గ్లాసుకో గ్లాసు నీళ్ళు తాగండి, అయితే బస్సెక్కే అరగంట ముందు ఆపేయండి. బీరు, నీళ్ళు కలిసి ముళబాగిలు దాకా ఆగవు.