హోల్డెన్ చెప్పినవి, దాటవేసినవి: ఆరు వారాల పఠన తరగతిపై సమీక్ష

1951 జూలైలో అమెరికాలో వెలువడిన జె.డి. శాలింజర్ నవల ‘ది క్యాచర్ ఇన్ ది రై’ని, అందులోనూ ముఖ్యంగా కథ చెప్పే హోల్డెన్ కాల్‌ఫీల్డ్ అనే కుర్రవాణ్ణి, వారానికి రెండు గంటల చొప్పున ఆరు వారాల పాటు అధ్యయనం చేయించే ఒక ఆన్‌లైన్ తరగతిలో చేరి ఇటీవలే పూర్తి చేశాను. నవలలో ఉన్నవి 26 అధ్యాయాలే. తీరిక ఉన్నవారు రెండు మూడు రోజుల్లో చదివేయగలరు కనుక, దీనికి ఆరు వారాలు ఎందుకన్న అనుమానం చేరేటప్పుడు నాకూ కలిగింది. మొదటి నాలుగు వారాలు ఆ అనుమానాన్ని పూర్తిగా తీర్చాయి. చివరి రెండు వారాలు మాత్రం తీరని అసంతృప్తిని మిగిల్చాయి.

నేను ఈ వయసు పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని. చాలా ఏళ్ల క్రితం ఈ నవల మొదటిసారి చదివినప్పుడు హోల్డెన్ మీద నాకు కలిగింది చిరాకే. కలిగిన ఇంట పుట్టి, అయిదు సబ్జెక్టుల్లో నాలుగు తప్పి, పెన్సీ అనే బడి నుంచి బహిష్కరణకు గురై, ఇంట్లో చెప్పే ధైర్యం లేక న్యూయార్క్‌లో హోటలు గది తీసుకుని, ఎదురైన ప్రతివాడిలోనూ తప్పు పట్టే ఈ పదహారేళ్ల వాడి మీద జాలి ఎందుకు పడాలో నాకు అప్పట్లో అర్థం కాలేదు. అయితే తరగతి గదిలో వెనక బెంచీలో కూర్చుని అన్నిటినీ వెటకారం చేసే పిల్లలను చూసినప్పుడల్లా, ఇతన్ని నేను సరిగ్గా చదవలేదేమోనన్న సందేహం మాత్రం వదల్లేదు. ఆ సందేహమే నన్ను ఈ తరగతిలో చేర్చింది.

మొదటి రోజు బోధకురాలు నవల నేపథ్యం జోలికి పోలేదు. కాగితం మీద మూడు గడులు గీయమన్నారు. హోల్డెన్ చెప్పేది ఒక గడిలో, చేసేది రెండో గడిలో, మాట మార్చిన చోటు మూడో గడిలో రాసుకుంటూ చదవాలి. పైకి ఇది చిన్నపిల్లల అభ్యాసంలా కనిపించినా, తరగతికి ప్రాణం ఇదేనని రెండో గంటకల్లా తెలిసింది. చరిత్ర మాస్టారు స్పెన్సర్ ఇంట్లో ఉన్నంతసేపూ ఎప్పుడు బయటపడదామా అన్నట్టే హోల్డెన్ మాట్లాడతాడు. అది మొదటి గడి. కానీ పరీక్ష కాగితం చివర, తనను ఫెయిల్ చేసినా ఫర్వాలేదని ఆ మాస్టారికి ఊరటగా రాసిపెట్టింది అతనే. అది రెండో గడి. రైల్లో తోటి విద్యార్థి తల్లి కలిసినప్పుడు తన పేరే మార్చి చెబుతాడు, మెదడులో కణితి ఉందంటాడు. ఆ కొడుకు ఎలాంటివాడో బాగా తెలిసి కూడా, వాడు ఎంత సిగ్గరో, ఎంత మంచివాడో చెప్పి ఆమె మురిసిపోయేలా చేస్తాడు. తాను పెద్ద అబద్ధాలకోరునని తానే చెప్పుకునే ఈ కథకుడి అబద్ధాల్లో ఎన్ని ఎదుటివారి మనసు నొప్పించకుండా ఉండటానికి ఆడినవో లెక్క వేయమన్నారు. అలా లెక్క వేస్తూ చదివినప్పుడు నా పాత చిరాకు మెల్లగా కరిగిపోయింది.

రెండో వారం మొత్తాన్నీ అయిదో అధ్యాయానికి కేటాయించారు. తరగతి మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనవి ఆ రెండు గంటలే. గదిలో తనతో ఉండే స్ట్రాడ్‌లేటర్ తన తరఫున ఏదైనా గదినో ఇంటినో వర్ణిస్తూ వ్యాసం రాసిపెట్టమంటే, హోల్డెన్ చనిపోయిన తమ్ముడు ఆలీ బేస్‌బాల్ గ్లవ్ గురించి రాస్తాడు. మైదానంలో బంతి రాని సమయంలో చదువుకోవడానికి ఆలీ ఆ ఎడమచేతి గ్లవ్ మీద, వేళ్ల మీద, లోపల, అంతటా ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్నాడు. ఆలీ ల్యుకేమియాతో చనిపోయిన తేదీని హోల్డెన్ రోజుతో సహా చెబుతాడు: 1946 జూలై 18. ప్రతి అంకెనూ పెంచి చెప్పే, ‘సుమారుగా’ అన్న మాట లేకుండా వాక్యం పూర్తి చేయని ఈ కుర్రవాడి నోట ఇంత కచ్చితమైన తేదీ ఎందుకు వచ్చిందని బోధకురాలు అడిగి, జవాబు కోసం చాలాసేపు ఆగారు. ఆ రాత్రి గరాజులో పడుకుని కిటికీ అద్దాలన్నిటినీ పిడికిలితో పగలగొట్టానన్న సంగతిని హోల్డెన్ తెలివితక్కువ పనిగా ఒప్పుకుని, వాన పడినప్పుడు ఆ చెయ్యి ఇప్పటికీ అప్పుడప్పుడు నొప్పి పెడుతుందని, గట్టిగా పిడికిలి బిగించలేనని చెప్పి, వెంటనే వేరే మాటకు వెళ్లిపోతాడు. నా కాగితం మీద మూడో గడి ఆ ఒక్క పేజీతోనే నిండింది.

‘ఫోనీ’ అన్న మాట మీద మూడో వారం జరిగిన చర్చ కూడా చెప్పుకోదగినది. హోల్డెన్ ఊతపదం లాంటి ఆ మాటకు తెలుగులో ఏమనాలో తలా ఒకటి సూచించాం. ‘కపటి’ అంటే నేరం మోపినట్టుంది, ‘డాంబికుడు’ మరీ పుస్తకాల మాటలా ఉంది, ‘బూటకం’ మనుషులకు అంతగా అతకదు. చివరికి ‘వేషాలు వేసేవాడు’ దగ్గర చాలామంది ఆగాం. ఒక్క మాట కోసం అంత సమయం అవసరమా అని విసుక్కున్నవారూ ఉన్నారు. నాకైతే అది వృథా అనిపించలేదు. ఎదుటివారి వేషం మీద అతనికి కలిగే రోత, తాను పేరు మార్చి, వయసు పెంచి చెప్పుకుంటూ తిరిగే రెండు మూడు రోజుల ప్రయాణం పక్కన ఎలా ఇమిడిందో ఆ వెతుకులాటలోనే తెలిసింది. సెంట్రల్ పార్కు చెరువు గడ్డకట్టినప్పుడు బాతులు ఎక్కడికి పోతాయన్న ప్రసిద్ధమైన ప్రశ్నను త్వరగా ముగించారు. దాని గురించి ఇప్పటికే అందరూ చెప్పినదానికి చేర్చడానికి పెద్దగా ఏమీ లేదు కనుక అది సబబే.

నాలుగో వారంలో బోధకురాలు చేసిన ఒక పని మాత్రం మరిచిపోలేను. తనకు నచ్చినదొకటి చెప్పమని పదేళ్ల చెల్లెలు ఫీబీ అడిగినప్పుడు, హోల్డెన్‌కు జేమ్స్ కాసిల్ గుర్తుకొస్తాడు. తాను అన్న మాటను వెనక్కి తీసుకోమని తోటి పిల్లలు హింసిస్తే, తీసుకోకుండా కిటికీలోంచి దూకి చనిపోయిన కుర్రవాడు అతను. ఆ సమయంలో అతని ఒంటి మీద ఉన్నది హోల్డెన్ ఇచ్చిన స్వెట్టరే. ఆ తర్వాత కాసేపటికే, కొండ అంచున ఆడుకుంటూ పడిపోబోయే పిల్లలను పట్టుకునేవాడినవుతానని హోల్డెన్ చెల్లెలితో అంటాడు. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ పాటలో ‘కలిస్తే’ అన్నచోట ‘పట్టుకుంటే’ అని అతను విన్న పొరపాటులోంచే ఆ ఊహ పుట్టింది. బోధకురాలు ఆ రెండు పేజీలను తెర మీద పక్కపక్కన పెట్టి, ఏమీ చెప్పకుండా రెండు నిమిషాలు ఊరుకున్నారు. పడిపోయినవాడు ఒక పేజీలో, పట్టుకోవాలన్న కోరిక మరో పేజీలో ఉన్నాయి. పాఠం చెప్పేవారు నోరు విప్పకపోవడం కూడా ఒక నేర్పేనని నాకు ఆ రోజు తెలిసింది.

అలాంటి తరగతి అయిదో వారంలో దారి తప్పింది. హోల్డెన్ లక్షణాలు ఒక వైపు, నేటి మానసిక వైద్యపు పేర్లు మరో వైపు రాసిన పట్టిక ఇచ్చి, సరైనవి జతపరచమన్నారు. ఆ కుర్రవాడు తీవ్రమైన దుఃఖంలో ఉన్నాడనడంలో సందేహం లేదు. కథ చెబుతున్నప్పటికి అతను పదిహేడేళ్లవాడై, కోలుకోవడానికి పంపిన చోట ఉన్నాడు. అయినా జబ్బు పేరు తగిలించిన మరుక్షణం మనం అతని మాట వినడం మానేస్తాం. బడిలో కూడా జరిగేది ఇదే కనుక నాకు మరింత బాధ కలిగింది. రాత్రివేళ తన ఇంట్లో పడుకున్న హోల్డెన్ తల నిమిరిన పాత ఇంగ్లీషు మాస్టారు ఆంటోలినీ ఉద్దేశం ఏమిటో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమన్న ప్రశ్న ఇంకా అన్యాయం. నవల ఆ సంగతి తేల్చదు. బెదిరి పారిపోయిన హోల్డెనే తెల్లవారాక, తాను పొరబడ్డానేమోనని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో కూర్చుని మథనపడతాడు. జేమ్స్ కాసిల్ శవాన్ని కోటు కప్పి ఎత్తుకెళ్లింది ఆ మాస్టారే మరి. ఏ జవాబూ ఎంచుకోకుండా వదిలేసిన నాకు ఆ ప్రశ్నకు సున్నా వచ్చింది. రాతపూర్వకంగా అభ్యంతరం పంపితే, పరీక్ష యంత్రం దిద్దుతుందన్న ఒక్క ముక్క జవాబుగా వచ్చింది.

ఆరో వారంలో సగభాగం ఈ నవలపై అమెరికా బడుల్లో వచ్చిన అభ్యంతరాలకు పోయింది. 1960లో టల్సాలో దీన్ని పాఠంగా ఇచ్చినందుకు ఒక ఉపాధ్యాయురాలు ఉద్యోగం పోగొట్టుకున్న ఉదంతం తెలుసుకోదగినదే. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న ఫ్రాన్స్ తీరాన యూటా బీచ్‌లో దిగిన సైనికుల్లో శాలింజర్ ఒకడనీ, యుద్ధం మిగిల్చిన మానసిక ఒత్తిడితో ఆసుపత్రిలో చేరాడనీ, హోల్డెన్ మొదట 1940ల నాటి కథల్లోనే కనిపించాడనీ ఒకే వాక్యంలో చెప్పి ముగించడం లోటే.

రాతపని దిద్దే పద్ధతి గురించి కూడా చెప్పాలి. చెకర్స్ ఆటలో రాజులను వెనక వరుసలోనే ఉంచుకునే స్నేహితురాలు జేన్‌కు ఫోన్ చేయాలని ఎన్నోసార్లు అనుకుని, మనసు బాగోలేదంటూ ఆగిపోయి, ఒకసారి చేస్తే ఆమె తల్లి ఎత్తిందని పెట్టేసి, మరోసారి ఎవరూ ఎత్తకపోతే ఊరుకునే హోల్డెన్ గురించి నేను నాలుగు పేజీలు రాశాను. బోధకురాలు ప్రతి పేరా పక్కనా వ్యాఖ్య రాసి, నేను తొందరపడి తీర్పు ఇచ్చిన రెండు వాక్యాలను చూపించి పంపారు. అంత ఓపికగా చదివేవారు దొరకడం అరుదు. నవలను ఇదివరకే ఒకసారి చదివినవారు, ఈ వయసు పిల్లలతో పనిచేసేవారు మొదటి నాలుగు వారాల కోసం నిస్సందేహంగా చేరవచ్చు. చివరి పరీక్షను మాత్రం పట్టించుకోనక్కరలేదు.

సమయం చాలక చివరి తరగతిలో రంగులరాట్నం ఘట్టాన్ని వదిలేశారు. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని 25వ అధ్యాయాన్ని పైకి చదువుకున్నాను. ఫీబీ ఎర్ర టోపీని అన్న తలకు పెట్టి రాట్నం ఎక్కుతుంది, వాన ముంచుకొస్తుంది, అందరూ చూరు కిందికి పరుగెత్తినా హోల్డెన్ బెంచీ మీదే తడుస్తూ, గిరగిరా తిరిగే చెల్లెలిని చూస్తూ ఉండిపోతాడు. కాగితం తీసి మూడో గడిలో రాసుకున్నాను: అంత వానలో, చెయ్యి నొప్పి పెట్టిందని అతను చెప్పడు.