బెంగళూరు గదిలో నెట్: హాట్‌స్పాటా, ఫైబరా?

మారతహళ్లి వైపు పీజీల్లో, అద్దె గదుల్లో కొత్తగా దిగిన మన పిల్లలు చాలామంది ఫోన్ హాట్‌స్పాట్‌తోనే నెట్టుకొస్తారు. పని ఇంటి నుంచే అయితే మాత్రం నేను ఫైబర్ కనెక్షనే (ఇంటిదాకా గాజు తీగలో వచ్చే నెట్) పెట్టించుకోమంటాను.

కారణం డేటా వెళ్లే దారిలో ఉంది. హాట్‌స్పాట్ పెడితే ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కు వైఫై, ఫోన్ నుంచి టవర్‌కు మళ్లీ రేడియో తరంగాలే. ఆ టవర్‌ను చుట్టుపక్కల వాళ్లంతా పంచుకుంటారు కాబట్టి రద్దీ వేళల్లో వేగం పడిపోతుంది. పైగా ఫోన్ పంపే సిగ్నల్ బలం తక్కువ. అందుకే వీడియో కాల్‌లో అవతలివాళ్ల మాట మనకు బాగానే వినిపిస్తున్నా మన మాట వాళ్లకు తెగిపోతూ ఉంటుంది. మీటింగ్ మధ్యలో అదెంత టెన్షనో!

ఫైబర్‌లో డేటా గాలిలో వెళ్లేది ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ వరకే. అక్కడి నుంచి సన్నని గాజు పోగులో కాంతి, సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో. ఇది కూడా కొన్ని ఇళ్లు పంచుకునేదే, కానీ సామర్థ్యం చాలా ఎక్కువ. రౌటర్ అదే గదిలో ఉంటే వైఫైలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఎంచుకోండి. గోడలు అడ్డమైతే 2.4 నయం.

కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది, దానికో చిన్న యూపీఎస్ కావాలి. తరచూ గది మారేవాళ్లకు, ఊళ్లు తిరిగేవాళ్లకు హాట్‌స్పాటే సరిపోతుంది.