మూత్రంలో మంట: ఏఆర్‌టీ వాడేవారికి ఏ యాంటీబయోటిక్ మేలు?

మూత్రంలో మంట పుడితే మన దగ్గర చాలామంది ముందు వెళ్లేది మెడికల్ షాపుకే. హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నవారు మాత్రం చేతికందిన బిళ్ల వేసుకునే ముందు కాస్త ఆగాలి. సాధారణంగా వినిపించే మందులు నాలుగు. వాటిలో రెండింటి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

మొదటిది కోట్రైమాక్సజోల్, జనం నోట సెప్ట్రాన్. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) తక్కువగా ఉన్నవారికి న్యుమోనియా వంటివి రాకుండా ఏఆర్‌టీ కేంద్రాల్లో రోజూ ఇచ్చే బిళ్ల ఇదే. దాన్ని సొంతంగా మానకూడదు. అయితే నెలల తరబడి ఆ మందు తగులుతుంటే పేగుల్లో దానికి లొంగని ఈ. కోలై బాక్టీరియా మిగిలి పెరుగుతుంది. మూత్రాశయ ఇన్ఫెక్షన్లలో అత్యధికం పేగుల నుంచి వచ్చే ఈ. కోలై వల్లనే. అందుకే రోజూ సెప్ట్రాన్ వేసుకుంటున్నా మంట వచ్చిందంటే, ఆ క్రిమి మీద అది పనిచేయడం లేదని అనుమానించాలి. చికిత్సకు మళ్లీ అదే ఎంచుకోవడం దండగ.

సిప్రోఫ్లాక్సాసిన్ సంగతి ఇంకా ఇబ్బంది. మన దేశంలో ఈ. కోలై చాలావరకు దానికి ఎప్పుడో మొండికేసింది. పైగా ఈ జాతి మందులు క్షయను కొంతకాలం అణచిపెట్టి, నిర్ధారణ ఆలస్యం చేస్తాయి. హెచ్‌ఐవీ ఉన్నవారికి క్షయ ముప్పు ఎక్కువ కనుక ఇది చిన్న విషయం కాదు.

నా ఓటు నైట్రోఫ్యురాంటోయిన్‌కు. 1950ల నాటి పాత మందు. బాక్టీరియాను ఒకేసారి అనేక చోట్ల దెబ్బతీస్తుంది కాబట్టి దానికి ఈ. కోలై తేలిగ్గా అలవాటు పడలేదు. పూటకు 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు, భోజనంతో పాటు వేసుకోవాలి. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే కంగారు అక్కర్లేదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి మాత్రం ఇది పనికిరాదు. ఇక్కడే ఒక తిరకాసు ఉంది: ఏఆర్‌టీలో ఇచ్చే డోల్యుటెగ్రావిర్ వాడేవారికి మూత్రపిండాలు బాగున్నా రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును అంచనా వేసే కొలత) కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. అలాగని అన్నిసార్లూ దాని పనే అనుకోలేం, అదే బిళ్లలో ఉండే టెనోఫోవిర్ నిజంగానే మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. పాత రిపోర్టులు పక్కన పెట్టుకొని డాక్టరే తేల్చాలి. కాళ్లలో తిమ్మిర్లున్నా ముందే చెప్పాలి, ఈ మందు నరాలకు చేటు చేయగలదు.

ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడి, నీళ్లలో కలిపి ఒక్కసారే తాగేది. రోజూ గుప్పెడు బిళ్లలు మింగేవారికి ఇది పెద్ద వెసులుబాటు. ఈ. కోలై మీద బాగానే పనిచేస్తుంది, క్లెబ్సియెల్లా అనే మరో బాక్టీరియా మీద అంత నమ్మకంగా కాదు. ధర కొంచెం ఎక్కువ.

ఏది వాడినా మొదటి మోతాదుకు ముందే కల్చర్‌కు (ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో తేల్చే పరీక్షకు) మూత్రం ఇవ్వాలి. మొదటి ధార వదిలేసి మధ్య ధారను శుభ్రమైన సీసాలో పట్టి, రెండు గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. మందు పడ్డాక ఇస్తే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. రెండు మూడు రోజుల్లో వచ్చే రిపోర్టును బట్టి అవసరమైతే మందు మారుస్తారు.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ మూత్రపిండాలకు చేరి ఉండవచ్చు. అప్పుడు నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ రెండూ చాలవు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మగవారిలో ఇన్ఫెక్షన్ ప్రోస్టేట్‌ గ్రంథికి పాకితే నైట్రోఫ్యురాంటోయిన్ అక్కడికి చేరదు. గర్భిణులకు లెక్క వేరు, కల్చర్‌లో బాక్టీరియా కనిపిస్తే మంట లేకపోయినా చికిత్స ఇస్తారు.