ఇంటర్‌సెప్టర్ 650: ఎనభై దాటకుండా కొన్నేళ్లు

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650ని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. హైదరాబాదులో ఆఫీసుకు, సెలవు దొరికితే శ్రీశైలం వైపు, అప్పుడప్పుడు విజయవాడ దాకా దీని మీదే వెళ్తాను. పెట్రోల్ బంకులోనైనా టీ కొట్టు దగ్గరైనా ఈ బండిని చూసినవారు మొదట అడిగేది ఎంత స్పీడు పోతుందనే. గంటకు 160 కిలోమీటర్లు దాటగల బండే ఇది, కానీ ఆ వేగానికి మన రోడ్ల మీద చోటు లేదు. 2018లో కేంద్ర రవాణా శాఖ నిర్ణయించిన గరిష్ఠ పరిమితుల ప్రకారం మోటారు సైకిళ్లకు నాలుగు వరుసల రహదారిపై 80 కిలోమీటర్లు, ఊళ్లలోనూ ఇతర రోడ్లపైనా 60 కిలోమీటర్లు; రాష్ట్రాలు ఇంకా తగ్గించుకోవచ్చు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీదికైతే ద్విచక్ర వాహనాలను అసలు రానివ్వరు. కాబట్టి ఈ సమీక్ష ఆ పరిమితుల లోపల ఈ ఇంజన్ ఇచ్చే సుఖం గురించే, నా దృష్టిలో అది చాలా పెద్దది.

648 సీసీ, రెండు సిలిండర్లు, సుమారు 47 హార్స్‌పవర్, 52 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. కాగితం మీద కనిపించే ఈ అంకెల కంటే ఆ టార్క్ ఎక్కడ అందుతుందన్నది ముఖ్యం. అందులో ఎనభై శాతం 2,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే వస్తుందని కంపెనీ చెబుతుంది, నడిపేటప్పుడు అది స్పష్టంగా తెలుస్తుంది కూడా. క్రాంక్ (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) అమరిక 270 డిగ్రీలది కావడం వల్ల రెండు సిలిండర్లలో ఇంధనం మండే సమయాల మధ్య ఎడం సమానంగా ఉండదు. అందుకే తక్కువ వేగంలో కూడా ఇంజన్ శబ్దంలో ఒక లయ, ఒక బరువు వినిపిస్తాయి. నాలుగో గేరులో నలభై దగ్గర థ్రాటిల్ తిప్పితే బండి దబాయించకుండా, తడబడకుండా, ఒకే ఊపులో డెబ్బైకి చేరుతుంది. ఆ కొద్ది క్షణాల పికప్ కోసమే ఈ బండి కొనవచ్చునని నేను నమ్ముతున్నాను. ఆరో గేరులో ఎనభై దగ్గర ఇంజన్ మూడు వేల ఆర్‌పీఎంకు కాస్త పైన తిరుగుతుంది, హ్యాండిల్‌లో వణుకు ఉండదు, గాలి ఒత్తిడి భరించదగినంతే, వెనక కూర్చున్నవారి మాట కూడా వినిపిస్తుంది.

ఇంత శక్తి నిజంగా ఉపయోగపడేది రెండు వరుసల రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు. యాసంగి కోతల కాలంలో ఆమనగల్లు దాటి వెళ్తుంటే గడ్డి ట్రాక్టర్లు రోడ్డు సగం ఆక్రమించి పోతుంటాయి, రోడ్డు అంచున వడ్లు ఆరబోసి ఉంటాయి. చిన్న బండి మీద అలాంటి ట్రాక్టరును దాటాలంటే గేరు తగ్గించి, ఇంజన్‌ను అరిపించి, ఎదుటి వరుసలో చాలాసేపు ఉండవలసి వస్తుంది. ఈ బండి మీద నలభై నుంచి అరవై లోపే ఆ పని ముగించి మన వరుసలోకి వచ్చేస్తాం. వేగ పరిమితి దాటకుండానే, ప్రమాదకరమైన చోట గడిపే సమయాన్ని తగ్గించడం బలమైన ఇంజన్ చేసే అసలు మేలు.

శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటాక వచ్చేది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలను అనుమతించరు. లోపల నిదానంగా వెళ్లాలి, కోతులు, జింకలు ఎప్పుడు రోడ్డు మీదికి వస్తాయో తెలియదు కనుక అలా వెళ్లడమే న్యాయం. మూడో గేరులో ఇంజన్ దాదాపు నిశ్శబ్దంగా లాగుతుంటే టేకు చెట్ల మధ్య గడిపే ఆ గంట నాకు ఈ బండి ఇచ్చిన అన్నిటికంటే ఇష్టమైన ప్రయాణం. దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగే మలుపుల్లో మరో రకం ఆనందం ఉంది. మలుపుకు ముందే బ్రేకు వేసి, గేరు తగ్గించి, చూపును మలుపు చివర నిలిపి, రోడ్డు తెరుచుకోగానే థ్రాటిల్ మెల్లగా ఇస్తే బండి తనంతట తానే నిటారై ముందుకు సాగుతుంది. స్లిప్పర్ క్లచ్ ఉండడం వల్ల గేర్లు త్వరగా తగ్గించినా వెనక చక్రం ఎగిరిపడదు. ఇదంతా ముప్పై, నలభై కిలోమీటర్ల వేగంలోనే జరుగుతుంది, అయినా చేతికీ కంటికీ మనసుకూ పూర్తి పని ఉంటుంది. ఎదురుగా వచ్చే ఆర్టీసీ బస్సు మలుపులో మధ్య గీత దాటడం మామూలే కాబట్టి, ఎంత ఖాళీగా కనిపించినా ఎడమ పక్కనే ఉండడం నా నియమం.

ముందు 320 మిల్లీమీటర్ల డిస్కు, రెండు చక్రాలకూ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్నాయి, బ్రేకుల మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. అయితే ట్యాంకు నింపితే 210 కిలోలు దాటే బండి ఇది. పొడి రోడ్డు మీద ప్రతి సెకనులో వేగం సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుని, ఆపదను గుర్తించడానికి ఒక సెకను కలిపితే, 80 దగ్గర ఆగడానికి సుమారు 57 మీటర్లు పడుతుంది. 120 దగ్గర 113 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే దూరం దాదాపు రెండింతలైంది. డివైడర్ సందులోంచి గేదె తొంగిచూసే విజయవాడ రహదారిపై ఈ లెక్క తెలిసినవారికి ఎనభై తక్కువనిపించదు.

యూరప్‌లో, బ్రిటన్‌లో ఏ2 అనే మధ్యస్థాయి మోటారు సైకిల్ లైసెన్సు ఉన్నవారు 35 కిలోవాట్ల (సుమారు 47 హార్స్‌పవర్) లోపు బండ్లే నడపాలి, ఈ ఇంజన్ ఆ హద్దులోనే ఉంది. మన దగ్గర అలాంటి మెట్లు లేవు. వంద సీసీ బండి మీద తెచ్చుకున్న లైసెన్సుతోనే ఎంత పెద్ద బండైనా నడపవచ్చు. అందుకే కొత్తగా కొన్నవారు ఖాళీ స్థలంలో గట్టిగా బ్రేకు వేసి ఏబీఎస్ పనిచేసే తీరు కాలికీ చేతికీ అలవాటు చేసుకోవాలని నా మనవి.

నిదానంగా నడిపితే ఖర్చు కూడా అదుపులో ఉంటుంది. లీటరుకు పాతిక కిలోమీటర్లకు తగ్గకుండా వస్తోంది, టైరూ చైనూ ఎక్కువకాలం మన్నుతున్నాయి. ఊచల చక్రాలున్న రకంలో ట్యూబు టైర్లే ఉంటాయి, పంక్చరైతే చక్రం విప్పవలసిందే కాబట్టి దూర ప్రయాణాలు చేసేవారు 2023లో వచ్చిన, ట్యూబు లేని టైర్లున్న అలాయ్ చక్రాల రకాన్ని చూడడం మంచిది. సీటు ఎత్తు 804 మిల్లీమీటర్లు. షోరూములో రెండు కాళ్లూ నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకుని, సెంటర్ స్టాండు మీదికి మీరే ఎత్తి, బండిని చేత్తో వెనక్కి నెట్టి చూశాకే నిర్ణయం తీసుకోండి.